ఊపిరి తీసుకునే చోటు

కొండ సగంలో, దారి మలుపు తిరిగే దగ్గర, గార్డు ఇల్లుంది. అడవి కాపలా చూసే గార్డు ఎవరో ఒక చలికాలం ఆ ఇంట్లో ఒంటరిగా దగ్గి దగ్గి పోయాడట. అప్పట్నుంచి చీకటి పడ్డాక అటు వెళ్లేవాళ్ల ఊపిరి తోడేస్తాడని చెప్పుకుంటారు. నిజానికి ఆ మలుపులో ఎత్తు ఎక్కువ, ఎవరికైనా రొప్పు వస్తుంది. ఈ మాట అంటే మాత్రం ఎవరికీ నచ్చదు.

మా బావకు అస్సలు నచ్చదు. ఆయన బ్యాండులో ట్రంపెట్ వాయిస్తాడు, నేను పెద్ద డ్రమ్ము. మా అక్కను చేసుకున్న పాపానికి ఆయన నా వేళాకోళం భరిస్తాడు, ఆయన వెనకే నడవాల్సిన పాపానికి నేను ఆయన బూర భరిస్తాను. ఇప్పుడు చెప్పబోయేది ఆయన నోట నేను విన్న సంగతి.

ఆ ఏడు చలి మొదట్లో బావకు న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చేసరికి హ్యాంగరుకు చొక్కా తగిలించినట్టున్నాడు.

"బూర ముట్టుకోవద్దు," అన్నాడు డాక్టరు. "రోజూ పొద్దున కొండ ఎక్కు. మాట్లాడుతూ నడవగలిగేంత మెల్లగా. ఆయాసం లేకుండా పైదాకా వెళ్లిన రోజు నా దగ్గరికి రా, చూద్దాం."

అక్క ట్రంపెట్‌ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

బ్యాండు మాస్టరు చూడ్డానికొచ్చి, తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి, చలి తగ్గి ఊరేగింపులు మొదలయ్యేదాకా ఆగుతానన్నాడు. ఆ పైన బావ చోట్లో ఇంకొకణ్ణి పెట్టక తప్పదన్నాడు. ఆ రోజు నుంచి బావకు కుదురు లేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే కూర్చునేవాడు. రాత్రిళ్లు నిద్రపట్టక దుప్పటి మీద వేళ్లతో మీటలు నొక్కుకునేవాడు. పొద్దున్నే కొండెక్కేవాడు గానీ మలుపు దాటడం ఆయన వల్ల కాలేదు.

ఒక సాయంత్రం ఇక ఉండబట్టలేకపోయాడు. అక్క రోజూ ఆ వేళకు మా ఇంటికి వెళ్తానని చెప్పి బయల్దేరేది. ఆపేవాళ్లు లేరు. మఫ్లరు చుట్టుకుని, ఇంకోసారి ఎక్కి చూద్దామని వెళ్లాడు. కొండ కింద వెలుతురుంది... మలుపు దగ్గరికొచ్చేసరికి లేదు.

మెల్లగానే నడిచాడు, డాక్టరు చెప్పినట్టు మాట్లాడుకుంటూ. మాస్టర్ని తిట్టుకుంటుంటే మాట బాగానే వస్తోంది. గార్డు ఇల్లు కనిపించగానే ఆ మాట ఆగిపోయింది.

లోపల ఎవరో ఊపిరి పీల్చారు.

గాలి అనుకుందామంటే ఆకు కదలడం లేదు. మళ్లీ — బరువుగా, లోతుగా... ఆ వెంటనే సన్నగా, వణుకుతూ ఒక స్వరం.

ట్రంపెట్.

ఊరేగింపు కదిలేటప్పుడు మేం వాయించే పాట అది. పాట సాగింది... పైస్థాయికి ఎక్కే చోట ఆగింది. ఊపిరి పీల్చిన చప్పుడు. మళ్లీ సాగింది.

బావకు ఒళ్లు చల్లబడింది. ఆ పాటలో అక్కడ ఆగకూడదు, ఒకే బిగిన పైకి వెళ్లిపోవాలి. కుర్రతనంలో ఊపిరి చాలక బావ అక్కడ ఆగేవాడు, అదే అలవాటైపోయింది. మాస్టరు ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. నేను డ్రమ్ము మీద ఒక దెబ్బ ఎక్కువ వేసి ఆ సందు కప్పేస్తుంటాను. అక్కడ ఆగేవాడు బావ ఒక్కడే, ఇంకెవడూ లేడు.

"నేను ఆస్పత్రిలోనే పోయాననిపించిందిరా," అన్నాడు బావ నాతో. "ఆ సంగతి నాకెవరూ చెప్పలేదనిపించింది. లోపల వాయిస్తున్నది నేనైతే... మరి బయట నిలబడ్డది ఎవరు?"

మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నాడి కొట్టుకుంటోంది. అయితే లోపలున్నవాడు తన ఊపిరి ఎత్తుకెళ్లి వాడుకుంటున్నాడన్నమాట! భయాన్ని తోసుకుని కోపం వచ్చింది. తలుపు నెట్టాడు.

కొవ్వొత్తి వెలుగు. గోడకేసి తిరిగి, తలమీంచి శాలువా కప్పుకుని... ఒక ఆకారం. పాట ఆగింది. ఆకారం మెల్లగా ఇటు తిరిగింది. ఉబ్బిన బుగ్గలు, కందిన పెదాలు —

మా అక్క.

అక్క ట్రంపెట్‌ని శాలువా చాటుకు లాక్కుంది.

"మందు వేసుకున్నారా?" అంది అక్క.

"అది బీరువాలో ఉండాలి కదా," అన్నాడు బావ.

"బీరువాలో ఉన్నది ఖాళీ పెట్టె." అక్క తల దించుకుంది. "మీకు బాగయ్యేదాకా మీ చోట్లో నేను నిలబడదామని... ఇంట్లో ఊదితే మీరు వింటారు. ఇక్కడికైతే ఎవరూ రారు."

పెళ్లయినప్పట్నుంచీ ఆ ట్రంపెట్ కడిగి, మీటలకు నూనె వేసి, ఊది చూసేది అక్కే. పాట మాత్రం వంటింట్లోంచి విని పట్టుకున్నదే.

బావకు ఏడుపొచ్చింది. దాన్ని దాచుకోవడానికి పంతులైపోయాడు. "పైకి ఎక్కే చోట ఊపిరి తీసుకోకూడదు."

"మీరు తీసుకుంటారుగా."

"అది నా తప్పు. పాటలో లేదు."

అక్క నమ్మలేనట్టు చూసింది. "ఇన్నేళ్లూ అది పాటలోదే అనుకున్నాను. ఊరేగింపు ఎంత దూరంలో ఉన్నా, అక్కడ ఆగితే మీరేనని తెలిసేది నాకు. లేచి పొయ్యి వెలిగించేదాన్ని."

బావ పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"అయితే అలాగే ఉండనీ," అన్నాడు.

చలి తగ్గింది. బావ ఇంకా కొండ పైదాకా వెళ్లలేదు. మాస్టరు గొణిగి గొణిగి, అక్క ఊదింది విన్నాక ఒప్పుకున్నాడు. మొదటి ఊరేగింపులో ట్రంపెట్ పట్టుకుని అక్క నిలబడింది. పక్కన బావ, ఉత్తి చేతులతో, మాట్లాడుతూ నడవగలిగేంత మెల్లగా. పాట పైకి ఎక్కే చోట అక్క ఆగింది. నేను దెబ్బ వేశాను.

ముందు నడుస్తున్న మాస్టరు వెనక్కి తిరక్కుండానే, అలవాటు కొద్దీ, బావ పేరు పెట్టి తిట్టాడు.

"తప్పయింది మాస్టారూ," అన్నాడు బావ, కళ్లు తుడుచుకుంటూ.