బావి దగ్గర చివరి బండి

"బస్సు ఎక్కుతున్నారా, కొండ ఎక్కుతున్నారా?"

డ్రైవర్‌కు చిరాకు ఆమె మీద కాదు, వాన మీద. పొద్దుటి నుంచి తెరిపి లేదు. అద్దం తుడిచే కర్ర ఒకటి మొరాయించింది. స్టాపు దగ్గర గుంటలో నీళ్ళు చూసి, బస్సును గట్టుకు మూరెడు దూరంగా ఆపాడు. ఆ మూరెడే ఆ అమ్మాయికి కష్టమైంది. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో కమ్మీ పట్టుకుని, కుడికాలిని ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు పైకి లాక్కుంటోంది.

"కొండే అనుకోండి," అంది పైకి వచ్చి, ఊపిరి తీసుకుని. "పైన దేవుడుంటాడని ఎక్కాను. మీరున్నారు."

వెనక సీట్లలో ఎవరో నవ్వారు. డ్రైవర్ చెవులు వేడెక్కాయి. గ్రంథాలయం స్టాపులో దిగుతూ ఆమె మళ్ళీ అతని వైపు తిరిగింది.

"కొండ దిగుతున్నాను. ఇక మీరు పరిగెత్తచ్చు."

ఆ సాయంత్రం డ్యూటీ దిగి అతను వెళ్ళింది కూడా అదే గ్రంథాలయానికి. వెనకవైపు బైండింగ్ గదిలో ఒక సమావేశం ఉంది. 'ఉప్పుదారి' నవలల అభిమానులు కలిసి ఒక కరదీపిక తయారు చేద్దామని ఆన్‌లైన్‌లో అనుకున్నారు. ఆ నవలల్లో దారివాళ్ళు అనే జనం ఉంటారు. వాళ్ళకు ఊరు లేదు. ఉప్పు బండ్లతో బావి నుంచి బావికి నడుస్తూ పుడతారు, నడుస్తూ పోతారు. రాసినావిడ ఐదో పుస్తకం తర్వాత కన్నుమూసింది. ఇక అడగడానికి మనిషి లేదు కాబట్టి, వాళ్ళ గుడారాలు, తిట్లు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఏరి ఒకచోట పెట్టాలని అభిమానుల ఆశ. వస్తామన్నవాళ్ళు చాలామంది. వానలో వచ్చినవాళ్ళు ఇద్దరే.

గది నిండా జిగురు వాసన. బల్ల ముందు కూర్చుని ఒక పాత పుస్తకం వెన్ను కుడుతున్న మనిషి తలెత్తింది.

"కొండ మీది దేవుడు కిందికే వచ్చాడే."

"మీరు... సూదిదారమా?" అన్నాడు డ్రైవర్. దారివాళ్ళు పాలు కాచి తాగుతారా, పచ్చివే తాగుతారా అని ఆన్‌లైన్‌లో నెలల తరబడి అతని ప్రాణం తీసిన పేరు అది.

"అయితే చివరి బండి మీరేనన్నమాట. అంత మొండి మనిషి ఏదో ఒకటి తోలుతూనే ఉంటాడని అనుకున్నాను."

"పొద్దున అన్న మాటకు..."

"కాలు బెణికింది, అంతే. అక్కడ తువ్వాలుంది, తల తుడుచుకోండి. నన్ను ఎన్నయినా అనండి గానీ పుస్తకాల మీద నీళ్ళు కారిస్తే ఊరుకోను."

ఆమె ఆ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టే ఉద్యోగి. కరదీపికకు నియమాలు పెట్టింది కూడా ఆమే.

"ఏది రాసినా ఏ పుస్తకం, ఏ పేజీ అని చెప్పాలి. పుస్తకంలో లేనిది మనం ఊహించి రాస్తే పక్కన చుక్క పెట్టాలి. చుక్క పెట్టాలంటే ఇద్దరం ఒప్పుకోవాలి. ఒకరు కాదన్నా కొట్టేయడమే."

"పెళ్ళి కంటే కష్టంగా ఉందే."

"పెళ్ళిలో పేజీలు అడగరు. అందుకే అన్ని గొడవలు."

అలా మొదలైంది. వారం వారం ఆ గదిలో ఇద్దరూ దారివాళ్ళతో బతికారు. అతను రాసుకొచ్చింది ఆమె చదివేది. చదువుతూ పళ్ళతో దారం తెంపేది. తెగింది తన వాక్యమేనేమో అని అతను ఉలిక్కిపడేవాడు. మూడు వాక్యాలు తెగితే ఒకటి మిగిలేది. ఆ ఒక్కటి చదివి ఆమె "ఊఁ" అంటే, మర్నాడు బస్సు దానంతటదే నడిచినట్టుండేది.

తెగని గొడవ ఒకటే, చివరి బండి. దారివాళ్ళ బిడారు వెనక పరదాలు కట్టిన బండి ఒకటి వస్తుంది. ఐదు పుస్తకాల్లోనూ ఉంది. దాంట్లో ఏముందో, అది ఏం చేస్తుందో రచయిత్రి ఎక్కడా రాయలేదు.

"గుడారాల కొయ్యలు," అనేవాడు అతను.

"కొయ్యలకు పరదాలెందుకు? సిగ్గా? విత్తనపు ఉప్పు."

"ఉప్పుకు విత్తనాలుంటాయా?"

"మీ తలకు మెదడున్నట్టే, ఉంటే ఉంటాయి."

చుక్క పడలేదు.

ఒక సాయంత్రం ఆమె లేవబోయి బల్ల అంచు పట్టుకుంటే అతను నవ్వాడు. "మీ బెణుకుకు వయసు వచ్చేసింది. ఇక బడిలో వేయాలి."

ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా. ఆ ఆలస్యం అతను గమనించలేదు.

ఆమె చేతిలోంచి సూది జారిపోవడం మాత్రం గమనించాడు. మొదట అప్పుడప్పుడు, తర్వాత తరచూ. వంగి తీసి ఇచ్చేవాడు. తీసి ఇచ్చే వంకతో ఆమె వేళ్ళు తగిలేవి. తన అదృష్టం అనుకున్నాడు పాపం. ఒకరికి అదృష్టంగా కనబడింది ఇంకొకరికి ఏమిటో తెలిసేలా దేవుడు మనిషిని చేయలేదు. ఎందుకు చేయలేదో అడుగుదామంటే ఆయన పలకడు.

చివరికి మిగిలిన అధ్యాయం 'వెనకబడినవాళ్ళు.' ఆమె రాసి తెచ్చింది. *నడవలేనివాళ్ళను దారివాళ్ళు బావి దగ్గర దించి, వెనక్కి చూడకుండా సాగిపోతారు. అది క్రూరత్వం కాదు. దిగే మనిషే దించమని అడగాలి. అడగడమే మర్యాద.*

"రెండో పుస్తకం, బావి అధ్యాయం," అంది. "చుక్క అక్కర్లేదు."

"అంతేనా? ఒక్కరు కూడా తోడుండరా?"

"ఉంటారని ఎక్కడుంది? చూపించండి."

"ఇంత కఠినంగా ఎలా రాశారండీ? మీకు మనసు ఒప్పిందా?"

"ఒప్పింది. నడిచేవాళ్ళు నడవాలి. కొండ ఎక్కలేనివాళ్ళ కోసం బస్సు ఆగుతుందా?"

మొదటిరోజు మాట ఇన్నాళ్ళూ దాచుకుని ఇప్పుడు అప్పజెప్పిందని అతనికి రోషం వచ్చింది. గొడుగు కూడా మరచిపోయి వెళ్ళిపోయాడు.

తర్వాతి వారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. *కరదీపిక పూర్తయింది. అచ్చుకు ఇచ్చేయండి. ఇక కలవాల్సిన పని లేదు.*

అతను గ్రంథాలయంలో చిరునామా అడిగి ఇంటికి వెళ్ళాడు. కింది అంతస్తే. ముందు గదిలో ఒకావిడ బట్టలు ఇస్త్రీ చేస్తోంది. ఇరుగుపొరుగు బట్టలు మడతలుగా గోడ వరకు పేర్చి ఉన్నాయి.

"చివరి బండి మీరేనా?" అంది ఆవిడ, పెట్టె నిలబెట్టి. "నేను దాని వదినను. లోపలుంది. అరుస్తుంది, పట్టించుకోకండి."

లోపలి గదిలో కిటికీ పక్కన ఆమె చక్రాల కుర్చీలో ఉంది. ఒళ్ళో కుడుతున్న పుస్తకం లేదు.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇది మా అన్నయ్య కుర్చీ," అంది ఆమె మామూలుగా. "నూనె వేస్తే మళ్ళీ తిరుగుతోంది. వాడికీ బెణుకుతోనే మొదలైంది. ముందు కాళ్ళు, తర్వాత చేతులు, తర్వాత మింగడం. 'ఉప్పుదారి' నేను పైకి చదివితే వినేవాడు. ఐదో పుస్తకం సగంలో పోయాడు. కరదీపిక వాడి కోరిక. నాకూ అదే జబ్బని డాక్టరు చెప్పి చాలా రోజులైంది."

కొండ మాట, బడిలో వేయాలన్న మాట, జారిన సూదులు. అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి అతనికి.

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తే జాలిపడేవారు. మీరు దెప్పుతుంటే బాగుండేది." ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "ఇక వెళ్ళండి. మా వదిన మొహం చూశారుగా. నా కంటే ఏడేళ్ళే పెద్ద. మా అన్నయ్యను ఎత్తీ దించీ అలా అయింది. ఇంకో మనిషిని అలా చేయలేను. నన్ను దించేయండి. మర్యాదగా అడుగుతున్నాను."

అతను వెళ్ళలేదు. గది నడిమధ్యకు వచ్చి, పరీక్షలో ఆఖరి ప్రశ్న రాసేవాడిలా నెమ్మదిగా అన్నాడు.

"దారివాళ్ళు వెనక్కి చూడరు. అవునా?"

"రెండో పుస్తకం. అవును."

"చూడనప్పుడు, వెనక వచ్చే చివరి బండి ఏం చేసిందో వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకే ఎక్కడా రాయలేదు. అది బావి దగ్గర ఆగిపోతుంది. పరదాల వెనక ఉండేది కొయ్యలు కాదు, ఉప్పు కాదు. వెనకబడినవాళ్ళ కోసం చోటు."

ఆమె కిటికీ వైపు నుంచి మొహం తిప్పింది.

"ఆధారం?"

"లేదు. చుక్క పెట్టాలి. నువ్వు ఒప్పుకోవాలి." మీరు కాస్తా నువ్వు అయిన సంగతి ఇద్దరికీ తెలిసింది. "నేను చివరి బండిని. ఈ పేరు ఊరికే పెట్టుకున్నానేమో అప్పుడు. ఇప్పుడు ఊరికే కాదు."

"ఒప్పుకోను," అంది ఆమె. "కొట్టేయ్."

అతను వెళ్ళిపోయాడు.

వదిన ఇస్త్రీపెట్టె ఆపి లోపలికి వచ్చి మంచం మీద కూర్చుంది.

"వినబడింది," అంది. "నా మొహం అడ్డం పెట్టుకుని అతన్ని పంపేశావు. నన్ను అడిగావా?"

"అడగడానికేముంది వదినా? నేను చూడలేదా?"

"చూశావు. అలిసిపోయాను, నిజమే. ఒక్కోరోజు దేవుడి ముందు కూర్చుని, ఈయన్ని తీసుకెళ్ళిపో స్వామీ అని కూడా అడిగాను. తీసుకెళ్ళాక, ఆ మాట నాకు తిరిగిచ్చెయ్యమని అడిగాను. ఇవ్వలేదు. అది నాకూ దేవుడికీ ఇంకా తేలని వ్యవహారం." ఆవిడ చీర కొంగుతో అరచేతులు తుడుచుకుంది. "కానీ మీ అన్నయ్య కూడా నన్ను ఎప్పుడూ అడగలేదు. ఉంటావా, వెళ్తావా అని. వెళ్ళిపో వెళ్ళిపో అనేవాడు, లేకపోతే ఏడ్చేవాడు. అడిగి ఉంటే ఉంటాననే చెప్పేదాన్ని పిల్లా. చెప్పి ఉండటం వేరు. ఊరికే ఉండిపోవడం వేరు."

ఆమె కుర్చీలోంచి వంగి వదిన ఒళ్ళో తల పెట్టుకుంది. జబ్బు తెలిసిన రోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

కొన్నాళ్ళకు మళ్ళీ ముసురు పట్టింది. డ్రైవర్ ఆ స్టాపు దగ్గరికి వచ్చేసరికి గొడుగు కింద వదిన, ముందు కుర్చీలో ఆమె కనబడ్డారు. గుంటలో నీళ్ళు అలాగే ఉన్నాయి. అతను బస్సును గట్టుకు ఆనించి ఆపాడు. నీళ్ళు చిమ్మి తన బస్సు అద్దాలే తడిశాయి.

నడిమి తలుపు దగ్గర చక్రాల కుర్చీల కోసం మడతపలక ఒకటి ఉంటుంది. డ్రైవర్ దిగి చేత్తో లాగి పరవాలి. టైము పోతుందని డ్రైవర్లెవరికీ అది ఇష్టం ఉండదు. తుప్పు పట్టి ఉంది. రెండుసార్లు లాగితే గాని రాలేదు.

"ఎంతసేపండీ?" అని లోపల్నుంచి ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"కొండ ఎక్కుతున్నామండీ," అన్నాడు డ్రైవర్, వానలో తడుస్తూ. "కాస్త ఆగండి."

వదిన కుర్చీ పిడులు అతని చేతికిచ్చింది. "ఎడమ బ్రేకు సరిగా పట్టదు. చూసుకోండి బాబూ," అంది. ఇంకేమీ అనలేదు. గొడుగు మడిచి, ఇస్త్రీ బట్టలున్నాయని ఇంటి దారి పట్టింది.

అతను కుర్చీని లోపలికి నెట్టి, పట్టీ బిగించి, ఎడమ బ్రేకు రెండోసారి నొక్కి చూశాడు.

"చుక్క పెట్టు," అంది ఆమె మెల్లగా.

అతను తలెత్తాడు.

"కానీ షరతు ఉంది. చివరి బండి బావి దగ్గర ఆగుతుందని రాయి. ఎన్నాళ్ళు ఆగుతుందో రాయకు. బావి దగ్గరున్న మనిషి రోజూ అడగాలి, ఉంటావా వెళ్తావా అని. బండివాడు రోజూ జవాబు చెప్పాలి. వెళ్తానంటే తప్పు పట్టకూడదు. అలా రాయి."

"పెళ్ళి కంటే కష్టంగా ఉంది."

"అవును. ఉంటావా, వెళ్తావా?"

"ఉంటాను."

"ఇవాళ్టికి సరే. తల తుడుచుకో, నీళ్ళు కారుతున్నాయి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. డ్రైవర్ పలక మడిచి, తన సీట్లోకి వెళ్ళి, తలుపులు మూశాడు. బస్సు కదిలింది. దారివాళ్ళు వెనక్కి చూడరని పుస్తకంలో ఉంది. అతను మాత్రం స్టాపు స్టాపుకూ పైనున్న అద్దంలోకి చూస్తూనే తోలాడు.