బిలంలో మాయమైన కుండ

గొడవంతా కళ్ళద్దాల గురించి. ఇందు ఆఫీసుకని నిమ్‌పురా క్వార్టర్ గేటు దాటుతుంటే లోపల్నుంచి వాళ్ళ నాన్న కేకేశాడు. "ఇందూ, నా కళ్ళద్దాలెక్కడెట్టినావు?"

"ఎల్లే పిల్లని ఎనక్కి పిలుస్తారేటి?" అంది అమ్మ. "నెత్తిమీదున్నాయి, సూసుకోండి."

"నెత్తిమీదుంటే నాకెలా కనబడతాయే?"

ఆ తగువు తెగేలోపు ఇందు వెనక్కొచ్చి పీట మీద కూర్చుంది. అమ్మ ఒక పక్క నాన్నను దులుపుతూనే మరో పక్క గ్లాసుతో మంచినీళ్ళు అందించింది. అవి తాగి ఇందు మళ్ళీ బయల్దేరింది. వెనక్కి పిలిస్తే ఆ ఇంట్లో అంతే. ఈలోగా ఎక్కాల్సిన టోటో, ఆ బ్యాటరీ ఆటో కాస్తా వెళ్ళిపోయింది.

ఝపటాపూర్‌లో టైలరు షాపు పైన ఎలీసమ్మ డిటెక్టివ్ ఆఫీసు. ఇందు ఆవిడ సహాయకురాలు. పెళ్ళి సంబంధాల ఆరాల దగ్గర్నుంచి మాయమైన స్కూటర్ల దాకా ఆవిడ తేల్చని కేసు లేదని ఇందు నమ్మకం. ఇద్దరూ చూసేది ఒకటే అయినా ఆవిడకు కనబడింది తనకెందుకు కనబడదో ఇందుకి రెండేళ్ళుగా అర్థం కాలేదు.

ఆ వేళ ఆఫీసులో కూర్చున్నావిడ పేరు ప్రశాంతి. భర్త కిరణ్‌కుమార్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఆవిడ కోపంగా చెప్పుకొచ్చింది.

"నానొక కంప్యూటర్ ఆట సేసినానండి. పాతకాలం ఆటల్లాగ, గళ్ళు గళ్ళు బొమ్మలు. వీరుడు చీకటి బిలంలోకి అంతస్తు తరవాత అంతస్తు దిగి భూతాల్ని కొట్టాల. అందరూ పడుకున్నాక, పప్పు ఉడికే లోపల, ఎప్పుడు దొరికితే అప్పుడు సేసినాను. ఇప్పుడది 'అసుర' అని ఎవడిదో దొంగ పేరుతో నెట్‌లో ఉంది. పోటీలో ప్రైజుక్కూడా ఎంపికైంది. అసుర ఎవరో సోమవారం సెబుతారంట. ఆ తరవాత నాదని నానంటే నన్నే దొంగంటారు."

"మీ దగ్గర అసలుది లేదా?" అడిగింది ఎలీసమ్మ.

"కంప్యూటర్ పాడైపోయింది. బజార్లో రిపేరు దుకాణం టోని బాగు సేసినాడు గానీ పాతవన్నీ పోయినాయి. టోనీయే కొట్టేసినాడని మా మరిది రాజశేఖర్ అంటన్నాడు. మా ఆయన్నడిగితే ఆటే కదా, ఒగ్గీమంటన్నారు."

"ఒగ్గెయ్యొద్దు," అంది ఎలీసమ్మ. "మీ ఆటకీ అసుర ఆటకీ తేడా ఉందా?"

"ఒకటే తేడా. మూడో అంతస్తులో వీరుణ్ణి ఎవరో ఎనక్కి పిలుస్తారు. తిరిగొచ్చి పీట మీద కూచుని, కుండలో మంచినీళ్ళు తాగి ఎల్లాల. తాగకపోతే ఆ తరవాత కొట్టిన దెబ్బ ఒక్కటీ తగలదు. ఆడు పీట ఉంచినాడు, కుండ తీసేసినాడు. ఇంక ఆటెవరూ గెలవలేరు. అదే గొప్పని అందరూ మెచ్చుకుంటన్నారు."

"ఈ కుండ మాట ఇంట్లో ఎవరికీ చెప్పకండి," అంది ఎలీసమ్మ.

సాయంత్రం ముందుగా టోని దుకాణానికి వెళ్ళారు.

"ప్రశాంతి దీదీ ఆట నేనెందుకు తీస్తాను?" అన్నాడు టోని. "ప్రభువు సాక్షి. డిస్క్ చచ్చిపోయింది, మార్చినాను, అంతే. ఆవిడ మరిది రాజా దాదా బజారంతా నన్ను దొంగంటన్నాడు. వారం నుంచి ఒక్కడు నా దుకాణం మెట్టెక్కితే ఒట్టు."

"వాళ్ళింట్లో వెనక్కి పిలిస్తే పీట మీద ఎందుకు కూర్చుంటారో తెలుసా?" అడిగింది ఎలీసమ్మ.

"మా ఇళ్ళల్లో అలాటివి లేవు కదండీ. నాకేటి తెలుసు?"

అక్కణ్ణుంచి ప్రశాంతి ఇంటికి వెళ్ళేసరికి రాజశేఖర్ కంప్యూటర్ క్లాసులు చెప్పడానికి బయల్దేరుతున్నాడు. వదిన ఆట తనసలు తెరిచి చూడలేదన్నాడు. "ఆడోళ్ళ కాలక్షేపం. నాకంత టైమెక్కడిదండీ?"

అతను గుమ్మం దాటాక ఎలీసమ్మ వెనక నుంచి గట్టిగా పిలిచింది. "రాజశేఖర్, ఒక్క మాట!"

అత్తగారు సింహాచలమ్మ ముఖం చిట్లించింది. రాజశేఖర్ వెనక్కొచ్చి పీట మీద కూలబడ్డాడు. చూపు ఫోన్ మీదే ఉంది. ఖాళీ చెయ్యి పక్కకు చాపాడు. ప్రశాంతి గ్లాసు తెచ్చి ఆ చేతిలో పెట్టింది. తాగి, తలెత్తకుండానే గ్లాసు గాల్లో పట్టుకున్నాడు. ప్రశాంతే అందుకుంది.

"ఏం లేదు, వెళ్ళిరా," అంది ఎలీసమ్మ.

దారిలో ఇందు ఉండబట్టలేక అడిగింది. "ఎందుకు పిలిచినారు మేడమ్?"

"నువ్వూ చూశావుగా."

ఎలీసమ్మ రమ్మనడంతో ఆదివారం భోజనాల వేళకు అందరూ ఆ ఇంట్లోనే ఉన్నారు. టోని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "దొంగకి మా ఇంట్లో కూడెట్టాలా?" అని సింహాచలమ్మ గొణిగింది. ప్రశాంతి వడ్డిస్తోంది.

"దొంగ గుమ్మంలో లేడమ్మా, విస్తరి ముందే ఉన్నాడు," అంది ఎలీసమ్మ.

కిరణ్‌కుమార్ ముద్ద ఆపాడు.

"ఆట దొంగిలించినవాడు తనకు పనికిరానిదనిపించిన వస్తువొకటి అందులోంచి తీసేశాడు. పీట మాత్రం ఉంచాడు. టోనీకి ఆ పీట ఎందుకో తెలీదు. అతనే దొంగైతే అదీ తీసేసేవాడు. పీట విలువ తెలిసినవాడు ఈ ఇంట్లో పుట్టి పెరిగినవాడే."

"నానూ ఇక్కడే పుట్టినాను," అన్నాడు కిరణ్‌కుమార్.

"నువ్వు ఫోన్లో ఫొటో పంపడానికే తమ్ముణ్ణి పిలుస్తావటగా. ఆటలో వస్తువు తీసి మళ్ళీ అతకాలంటే ఆ పని వచ్చి ఉండాలి."

రాజశేఖర్ నవ్వాడు. "బాగుందండి. ఒక మట్టికుండ లేదని నన్ను దొంగని సేస్తారా?"

ఇందుకి అప్పుడు వెలిగింది.

"నేను వస్తువన్నాను, కుండనలేదు," అంది ఎలీసమ్మ. "మీ వదిన కూడా ఈ ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఆట తెరిచే చూడలేదన్న నీకు అందులో కుండ ఉండేదని ఎలా తెలుసు? పీట మీద నువ్వు కూర్చుంటావు కాబట్టి అది గుర్తుంది. నీళ్ళు వాటంతటవే చేతిలోకొస్తాయనుకున్నావు. తెచ్చే మనిషిని ఏనాడూ చూడలేదు."

రాజశేఖర్ ముఖం ఎర్రబడింది. "వీరుడి ఆటలో వంటింటి సామానేటి? అయినా వదిన సేసిందంటే ఎవడు నమ్ముతాడు? నా పేరుంటే ఈ ఇంటికే..."

"నోరుముయ్యి," అంది సింహాచలమ్మ. ఆవిడ కొడుకుతో అలా మాట్లాడ్డం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. గుమ్మం వైపు తిరిగింది. "టోనీ, లోపలికొచ్చి కూసో నాయనా."

ప్రశాంతి గరిటె గిన్నెలో పెట్టేసింది. కంచం తెచ్చుకుని, ఎప్పుడూ అందరూ తిన్నాక తినే మనిషి, భర్త పక్కనే కూర్చుంది. అన్నం, పప్పు వడ్డించుకుంది.

"రాజా, అసుర పేరు తీసి నా పేరెట్టు. పోటీవోళ్ళకి నిజం రాయి. తిన్నాక కాదు, ఇప్పుడే. తరవాత టోనీతో బజారుకెళ్ళి, నువ్వు దొంగన్న ప్రతి దుకాణం దగ్గరా కాదని సెప్పు." ఆవిడ గొంతు పెరగలేదు. "రేపట్నుంచి మద్దేన్నాలు ఇంకో ఆట సేస్తాను. కంప్యూటర్ ముందు కూచున్నాక నన్నెవరూ ఎనక్కి పిలవకండి."

రాజశేఖర్ తలొంచుకుని ఫోన్ తీశాడు. కిరణ్‌కుమార్‌కి పొలమారింది. అలవాటుగా చెయ్యి పక్కకు చాపాడు.

ప్రశాంతి ముద్ద కలుపుతూ అంది.

"కుండ అక్కడుంది. ముంచుకోండి."