పొగ డ్రమ్ముకు పొక్క

మెహరాజ్ నాతో అన్న మొదటి మాట: "ఉస్తాద్ లేడా?"

రెండో మాట: "అయితే మళ్ళొస్త."

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు పని నేర్పిన ఉస్తాద్, పేరుకే బ్రహ్మచారి, రజాకార్ల గొడవల్లో పిల్లాజెల్లాతో బెజవాడ వెళ్ళిపోయి ఆరు నెలలైంది. పోలీస్ యాక్షన్ అయిపోయి నెల దాటినా ఆయన జాడ లేదు. రాణీగంజ్‌లో వెల్డింగ్ దుకాణం నడిపిస్తున్నది నేనే, నాసర్ని.

"ఏం పనో నాకు చెప్పరాదు?"

"చెప్తే నీకు సమజైతదా?" అంటూ కాగితం ఒకటి చేతిలో పెట్టింది.

కాగితం మీద నిలబెట్టిన డ్రమ్ము, దానికి మూత, మూతకో పొగగొట్టం. లోపల అడుగున నిప్పు, పైన జాలీ, జాలీ మీద మేకతొడ. తొడ మాత్రం బ్రహ్మాండంగా వేశారు.

వాళ్ళ నాయన షంషీర్ చాచా తెల్లదొరల మెస్సులో ఇరవై ఏళ్ళు వంట చేశాడట. మాంసాన్ని పొగలో మగ్గబెట్టడం ఆయన ప్రత్యేకత. దొరలు పోయారు, పొగగూడు కూలగొట్టారు, చాచా పని పోయింది. కొత్తగా వచ్చిన మిలిటరీ మెస్సు మేజరుగారు, "ఆదివారం తొడ తెచ్చి తినిపించు, నచ్చితే పని నీదే" అన్నాడు.

"నచ్చకపోతే?"

"సోమవారం కర్నూలు రైలెక్కుడే. మా పెదనాయినకు అక్కడ కట్టెల అడితి ఉన్నది." గోడ వైపు చూస్తూ, "కొడుకు సుత ఉన్నడు" అంది.

మాలో పెదనాయిన కొడుకును పెళ్ళి చేసుకోవచ్చు. ఆ కొడుకు సంగతి నాకెందుకు చెప్పిందో అర్థం కాలేదు. విన్నప్పటి నుంచి నాకు అన్నం ఎందుకు సహించలేదో అంతకన్నా అర్థం కాలేదు.

మిలిటరీ వేలంలో కొన్న పెట్రోలు డ్రమ్ము ఒకటి దుకాణంలో పడి ఉంది. దాన్ని కడిగి, నీళ్ళు నింపి ఒక దినం ఉంచి, వాసన పోయాక కోశాను. మూతకు బందులు పెట్టాను. గొట్టం అతికాను. ఎక్కడా సందు లేదు. నా అతుకుల్లోంచి పోవాలంటే చీమైనా దారి అడగాల్సిందే. బుధవారం సాయంత్రం చిలకలగూడలో వాళ్ళ వాకిట్లో దించి, ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను.

గురువారం పొద్దున్నే మెహరాజ్ దుకాణం ముందు ప్రత్యక్షమైంది. చున్నీ తడిసింది, ముక్కు మీద మసి.

"ఏందీ నీ పని? డ్రమ్ము అడుగు నుంచి పొగ కక్కుతున్నది!"

వెల్డింగు గ్యాస్ పుట్టించే కార్బైడు సామానంతా తోపుడు బండిలో వేసుకుని, వానలో పరుగెత్తాను. చూస్తే డ్రమ్ము అడుగు అంచున వరసగా మూడు చిల్లులు. మేకు పెట్టి కొట్టినవి!

"ఇవి నేను చేసినవి కావు."

"అయితే జిన్నాతులు చేసినయా?"

అరుగు మీద పోకచెక్క కొరుకుతున్న వాళ్ళ దాదీ పీరాంబీ మాకేసి ఓసారి చూసి, మళ్ళీ పోకచెక్క పనిలో పడింది. నేను చిల్లులు మూశాను. చాచా జామకట్టె ముట్టించి మూత వేశాడు. కాసేపటికే నిప్పు చచ్చిపోయింది.

"కట్టె తడిసింది" అన్నాడు చాచా దిగులుగా.

శుక్రవారం మళ్ళీ అదే కథ. అదే చోట మూడు చిల్లులు. మళ్ళీ మూశాను. మళ్ళీ నిప్పు చచ్చింది. మళ్ళీ కట్టె మీదే నింద వేశాం.

ఇంటికి పోతూ ఆలోచించాను. వాళ్ళింట్లో ఉండేది ముగ్గురు. చాచా పని కోసం తండ్లాడుతున్నాడు. దాదీ ముసలిది. ఇక మిగిలింది ఎవరు? డ్రమ్ము పని చేయకపోతే కర్నూలు. కర్నూలులో పెదనాయిన కొడుకు. ఆ పిల్లకు పోవాలనే ఉందన్నమాట! తెలిసిపోయింది. తెలిశాక ఏడుపొచ్చింది.

శనివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళాను. చిల్లులు నాకోసం ఎదురుచూస్తున్నాయి. చాచా తొడ తేవడానికి మోండా మార్కెట్‌కు పోయాడు.

"మెహరాజ్, నిజం చెప్పు. కర్నూలు పోవాల్నని అంత ఉన్నదా?"

"నాకా? నువ్వే మమ్మల్ని పంపాల్నని చూస్తున్నవ్! మూడు దినాల నుంచి కచ్చా పని చేసుకుంట!"

"నేను కచ్చా పని చేసిన్నా? మేకు కొట్టింది నువ్వు!"

"నేనెందుకు కొడ్త? ఈ డ్రమ్ము మంచిగ కావాల్నని రోజు దువా చేస్తున్న!"

"నేను చెయ్యలేదా? నువ్వు పోతే నేనెట్ల..."

నోరు జారింది. మెహరాజ్ ముఖం ఎర్రబడింది. నా చేతిలో గ్యాస్ గొట్టం ఎటు తిప్పాలో తోచలేదు.

"ఏమన్నవ్?" అంది మెల్లగా.

"ఏం లేదు. మరి నువ్వు గాక, నేను గాక, మేకు కొట్టిందెవరు?"

"నేను" అంది అరుగు మీద నుంచి దాదీ.

ఇద్దరం నోళ్ళు తెరిచాం.

"పొయ్యికి గాలి వద్దా? మొదటి దినమే షంషీర్‌కు చెప్పిన. 'అమ్మీ, ఇది మిషిన్ పని, నీకు తెల్వది' అన్నడు. గందుకే వాడు మసీదుకు పోంగనే, ఈ పిల్ల నల్లా కాడికి పోంగనే, నేనే మేకు పెట్టి బండరాయితోని కొడ్తున్న. ఈ పిల్లగాడేమో మూసుడు మూసుడే!"

"మరి అడుగు నుంచి పొగ వస్తున్నది గద దాదీ?"

"గొట్టం వేడెక్కేదాక వస్తది. మీకు ఓపికేది? పొగ చూస్తే చాలు, నీళ్ళు గుమ్మరిస్తిరి."

"మాకు చెప్పొద్దా?"

"నన్నడిగితిరా? ఒకల్లనొకల్లు చూసుకునుడే సరిపాయె మీకు!"

నేను తల ఎత్తలేకపోయాను. ఒక్క సందు లేకుండా చేశానని మురిసిపోయానే, నిప్పుకు ఊపిరి కావాలన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు!

ఆ రోజు చిల్లులు మూయలేదు. నిప్పు ముట్టించాక కాసేపు కింద నుంచి పొగ వచ్చింది. కళ్ళు మండినా ఎవరం కదల్లేదు. తర్వాత గొట్టం వేడెక్కి, పైనుంచి తెల్లటి పలచని పొగ లేచింది. సాయంత్రానికి వాకిలంతా కమ్మటి వాసన. ఆదివారం మేజరుగారు రెండోసారి వడ్డించుకున్నాడు. సోమవారం రైలు వాళ్ళు లేకుండానే పోయింది.

నాకు సంతోషమే. కానీ బాగైన డ్రమ్ముతో నాకేం పని? వారం రోజులు ఆ వీధికి పోవడానికి సాకు దొరకలేదు. మెహరాజ్ మనసులో ఏముందో తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

తొమ్మిదో రోజు షంషీర్ చాచానే దుకాణానికొచ్చాడు. "బేటా, జెర రా. డ్రమ్ముకు మళ్ళ పొక్క పడ్డది."

పోయి చూస్తే ఈసారి చిల్లు మూత నడిమధ్యన ఉంది. వంకరది. చుట్టూ పది సొట్టలు. గురి తప్పిన దెబ్బలు.

"నాకు తెల్వదు. ఖుదా కసమ్, నేను కొట్టలే" అంది దాదీ, నవ్వు ఆపుకుంటూ.

మెహరాజ్ బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. నేను చూడగానే చేయి వెనక్కి దాచుకుంది.

చాచా ఆ వేలినీ చూశాడు, నన్నూ చూశాడు. నేను గొంతు సవరించుకుని, "చాచా, ఇది ఒక్క దినంల అయ్యే పని కాదు" అన్నాను.

"నాకు కండ్లు లేవా? మీ పెద్దోళ్ళను తీస్కరా, మాట్లాడుదం."

నాకు తల్లీ తండ్రీ లేరు. ఎవరిని తీసుకురావాలో తెలియక దుకాణానికి వచ్చేసరికి, తలుపు తీసి ఉంది. లోపల ఎవరో నా పనిముట్లన్నీ సర్దుతూ తిడుతున్నారు. ఆ తిట్లు నాకు బాగా తెలుసు. బెజవాడ బండి దిగి నేరుగా దుకాణానికే వచ్చినట్టున్నాడు. పోయి ఆయన కాళ్ళు పట్టుకుని, అలాగే ఉండిపోయాను.

మర్నాడు నా తరఫు పెద్దగా వాళ్ళింటికొచ్చిన ఉస్తాద్, తాంబూలం కన్నా ముందు డ్రమ్ము దగ్గరికి నడిచాడు. అతుకులన్నీ తడిమి చూశాడు. వేలు మూత మీద ఆగింది.

"ఇదేందిరా? ఇది మూయలేదు?"

పరదా వెనుక నుంచి మెహరాజ్ గొంతు వచ్చింది.

"అది ఉండనీయండి ఉస్తాద్. దాని పని అయిపోయింది."