పదీ పదికి కొంగ ఎగరాలి

"నలభై నిమిషాలు. అంతే ఉంది నీకు," అన్నాడు చీఫ్ ఫోన్‌లో.

ఏజెంట్ శశిభూషణ్ బైకు ఆపి హెల్మెట్ తీశాడు. జంగారెడ్డిగూడెం దాటి పది కిలోమీటర్లు. రెండువైపులా పామాయిల్ తోటలు. మాఘమాసం. తొమ్మిదిన్నరైనా మంచు విడలేదు.

"చెప్పండి సార్."

"ముందు చిన్న ఎయిర్‌స్ట్రిప్ ఉంది. పదీ పదికి ఒక విమానం లేస్తుంది. ప్రాజెక్ట్ కొంగ. దాని పొట్ట కింద మన కొత్త కెమెరా. దట్టమైన చెట్ల కింద ఏముందో కూడా చూస్తుంది. పొద్దున ఒక విదేశీ ముఠా మెసేజ్ పట్టుకున్నాం. 'కొంగ పట్టిసీమ ఎగువన ఇసుకలో పడుతుంది. పడవ సిద్ధం.'"

"ఎగరనివ్వకండి."

"అనుమానం మీద ఆపం, కారణం చూపించమంటోంది ఢిల్లీ. పైలట్ సాయిప్రసన్న. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆ విమానం పడితే ఆమెను బతకనివ్వరు. అక్కడ సెక్యూరిటీ చూస్తున్నది మన శ్రీదుర్గ. కోడ్ చెప్పి కలువు."

ఫోన్ కట్టయింది. శశిభూషణ్ ఖాకీ చొక్కా తొడుక్కుని, చేతులకి కాస్త గ్రీజు పూసుకున్నాడు. ఇప్పుడతను మోటార్ల మెకానిక్ కామేశం.

షెడ్డు ముందు శ్రీదుర్గ నిలబడి ఉంది. గంధం రంగు చీర, నల్లకళ్ళద్దాలు. అంత బురదలోనూ చెప్పులకి మరక లేదు.

"పులసలు ఎప్పుడొస్తాయండీ?" అని కోడ్ చెప్పాడు శశిభూషణ్.

"ఎర్రనీరు వచ్చాక," అని నవ్వింది. "ఆలస్యం చేశారు కామేశం గారూ. అంతా చూసేశాను. బాంబు లేదు. వైర్లు బాగున్నాయి. మొన్ననే కొత్త ఇంజిన్ బిగించారు. కూలెంట్ లైన్లో ప్రెజర్ పెట్టి చూశాం. అరగంటసేపు ముల్లు కదల్లేదు. సంతకం నాదే."

శశిభూషణ్ వాచీకున్న స్కానర్‌తో షెడ్డులోని విమానం చుట్టూ తిరిగాడు. ఏమీ మోగలేదు. సన్నటి కెమెరా వైరు ఇంజిన్ సందుల్లోకి పంపాడు. ఒక్క బోల్టు మీదా కొత్త గీత లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

తొమ్మిదీ యాభై.

"ఇందులో ఏం పోశారండీ?" అని మెకానిక్ హరిబాబుని అడిగాడు.

"ఇప్పుడైతే కూలెంటేనండి. రాజమండ్రిలో టెస్ట్ రన్‌కి మటుకు గోదావరి నీళ్ళు పోశాను. వడగట్టే పోశానండి. ఇక్కడికొచ్చాక వంపేశాను. మన దగ్గర గడ్డకట్టేదేముంది? ట్రాక్టర్‌కైనా, రొయ్యల చెరువు మీద ఇంజిన్‌కైనా నీళ్ళేగా!"

శశిభూషణ్‌కీ అందులో తప్పు కనపడలేదు. వాళ్ళ నాన్న ముప్ఫయ్యేళ్ళు ట్రాక్టర్లో నీళ్ళే పోశాడు. అతను ఇంజిన్ అవతలి పక్కకి జరిగాడు.

అక్కడ ఆగిపోయాడు.

కూలెంట్ తిరిగే గదికి బయటివైపు నాలుగు ఇనుప బిరడాలున్నాయి, పెద్ద బొత్తాలంత. మూడు లోపలికి ఒదిగి ఉన్నాయి. నాలుగోది గోరు మందాన బయటికొచ్చింది. చుట్టూ పెయింటు చిట్లింది.

బయటినుంచి కొడితే లోపలికి పోవాలి. ఇది బయటికొచ్చింది. ఐస్ ఫ్యాక్టరీలో నిండా పోసిన డబ్బా గడ్డకట్టి అడుగు ఉబ్బడం అతను చిన్నప్పుడు చాలాసార్లు చూశాడు.

"ఇంజిన్ ఇక్కడికెలా వచ్చింది?" గొంతు తగ్గించి అడిగాడు.

"రొయ్యలు తోలే ఫ్రీజర్ వ్యానులోనండి. దుమ్ము పడకూడదని శ్రీదుర్గ మేడమ్ గారే పంపారు. దారిలో టైరు పేలి ఒక రాత్రంతా ఆగిందంట. దించేటప్పుడు చేతులు అతుక్కుపోయాయనుకోండి! గోనెపట్టాలు చుట్టి పట్టుకున్నాం."

ఇంజిన్‌ని ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. ఇక్కడివాళ్ళు నీళ్ళే పోస్తారని తెలిస్తే చాలు. మిగతా పని చలే చేస్తుంది.

"కిరసనాయిలుందా? ఒక సుద్దముక్క కూడా కావాలి."

పదింటికి సాయిప్రసన్న కాక్‌పిట్‌లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. శశిభూషణ్ బిరడా చుట్టూ కిరసనాయిలు రాశాడు. ఆగాడు. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. పైన సుద్దపొడి అద్దాడు.

"ముగ్గులెయ్యడం అయిందా బాబాయ్ గారూ?" అని పైనుంచి అడిగింది సాయిప్రసన్న.

"ఇది ఎడ్లబండి కాదండీ," అంది శ్రీదుర్గ.

"అవునండీ. బండైతే ఆగినచోట దిగి తొయ్యొచ్చు," అన్నాడు శశిభూషణ్.

పదీ నాలుగు. సుద్ద తెల్లగానే ఉంది.

పదీ ఐదు. తెలుపు మీద తడిగీత ఒకటి లేచింది, వెంట్రుకంత సన్నం. బిరడా దగ్గర మొదలై రెండు వేళ్ళ మేర పైకి పాకింది. అది పగులు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్ళు దూరని ఆ సందులోకి కిరసనాయిలు దూరి, మళ్ళీ సుద్దలోకి ఊరింది. ప్రెజర్ ముల్లు కదలకపోవడానికీ కారణం అదే.

శశిభూషణ్ గీతకి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కిరసనాయిలు డబ్బా అలాగే ఉంది.

"అంతా క్లియర్ అండీ. చీఫ్ మాటొకటి చెప్పడం మర్చిపోయాను. రెండో సీట్లో మనవాళ్ళు ఉండాలట. మీరు ఎక్కండి."

"నేనా? నాకు ఎత్తు పడదు."

"పది నిమిషాలేగా! టెస్ట్ మీరే చేశారు, సంతకం మీదే. భయమెందుకు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"పక్కకి జరుగు. సాయిప్రసన్నా, స్టార్ట్ చెయ్యి. లేకపోతే ఇతన్ని కాల్చేస్తాను."

సాయిప్రసన్న వేలు స్టార్టర్ మీదకి వెళ్ళింది.

"వద్దమ్మా," అన్నాడు శశిభూషణ్. "వేడెక్కితే ఇక్కడున్న పగులు నోరు తెరుస్తుంది. కూలెంట్ కారిపోతుంది. పట్టిసీమ ఎగువకి చేరేసరికి ఇంజిన్ బిగుసుకుపోతుంది. కింద వీళ్ళ పడవ కాసుకునుంది."

"మూడు లెక్కపెడతాను," అంది శ్రీదుర్గ. "ఒకటి."

సాయిప్రసన్న మెయిన్ స్విచ్ ఆపేసింది. తాళంచెవి లాగి తోటలోకి విసిరింది.

"వెతుక్కోండి మేడమ్!"

పిస్టల్ ఆమె వైపు తిరిగింది. శశిభూషణ్‌కి ఆ క్షణం చాలు. డబ్బాలో కిరసనాయిలంతా శ్రీదుర్గ మొహాన పడింది. గుండు రేకుల కప్పుని చీల్చుకుపోయింది. రెండోది పేలేలోపు ఆమె మణికట్టు అతని పిడికిట్లో ఉంది. హరిబాబు వచ్చి, క్లచ్ వైరుతో ఆమె చేతులు కట్టేశాడు.

"క్షమించండి మేడమ్ గారూ, తాడు కనపడలేదండి," అన్నాడు.

అప్పటికి టైము పదీ తొమ్మిది.

శశిభూషణ్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. "ఫ్లైట్ ఆగింది సార్. లోపలి మనిషి శ్రీదుర్గ. పట్టిసీమకి పోలీసుల్ని పంపండి, పడవ ఇంకా అక్కడే ఉంటుంది."

"శభాష్! ఇంతకీ ఇంజిన్‌కి ఏమైంది?"

"చలికి పగిలింది సార్."

"ఎక్కడ?"

"గోదావరి జిల్లాలో."

అవతల చీఫ్ పెన్ను కింద పెట్టిన చప్పుడైంది.

"ఢిల్లీకి రిపోర్ట్ పంపాలయ్యా," అన్నాడు చీఫ్. "బాంబని రాస్తే మాత్రం నీ సొమ్మేం పోయింది?"