వెయ్యో క్షమ

సువార్త మెత్తకోటు గుండీలు పెట్టుకుంటుండగానే వార్డు కప్పు మీద అంకె వెలిగింది: తొమ్మిది వందల తొంభై తొమ్మిది. కింద ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన ఇద్దరు నర్సులు కూడా బస్సు వదిలేసుకుని మరీ నిలబడ్డారు.

"శుభోదయం సువార్త గారూ," అంది వార్డును నడిపే యంత్రం ఆలన, గోడల్లోంచి, ఎప్పటిలాగే తేనె పూసిన గొంతుతో. "మీ గుండె వేగం ఎక్కువగా ఉంది. కారణం నమోదు చేయమంటారా?"

"సంతోషం అని రాసుకో."

అబద్ధం కాదు. కాకినాడలోని ఆ ఆసుపత్రిలో వెయ్యి క్షమలు పూర్తిచేసిన నర్సు ఇంతవరకూ లేదు. పూర్తిచేస్తే ధరిత్రి పతకం, దాని వెంటే దూరవార్డు. దూరవార్డంటే పై అంతస్తులో ఓ అద్దాల గది. అక్కడ కూర్చుని తెరలో రోగుల్ని చూసుకోవచ్చు, యంత్రాల చేతులతో సూదిమందు ఇవ్వొచ్చు. అక్కడికి ఎవడి చెయ్యీ చేరదు. ఎడమ చెవి సగం వినపడని మనిషికి అంతకంటే స్వర్గం ఏముంటుంది? పంతొమ్మిదేళ్ల సర్వీసులో సువార్త మనసు పడి కోరుకున్నది అదొక్కటే.

మెట్ల దగ్గర వేదిక కట్టారు. బంతిపూలు వచ్చాయి, ఆత్రేయపురం పూతరేకులు వచ్చాయి. అన్నీ ఉన్నాయి, దెబ్బే తక్కువ.

"ఏమ్మా సువార్తా, మధ్యాహ్నం లోపు పడుతుందంటావా?" అని అడిగాడు సూపరింటెండెంటు భానోజీరావు, వాన గురించి అడిగినంత మామూలుగా. "మంత్రిగారి మనిషి రెండింటికి వెళ్లిపోతాడు."

"చూద్దాం సార్. నా చేతుల్లో ఏముంది?"

"గుమ్మం దగ్గర కాపలావాళ్లను తీసేయించాను. వాళ్లుంటే జనం కాస్త జంకుతారు గదా." ఆయన మంచివాడే. సాటి మనిషికి మేలు చేశానన్న తృప్తితో, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్లిపోయాడు.

సువార్త మంచాల వెంట నడిచింది. ఒకరికి తడి గుడ్డతో పెదవులు తుడిచింది, ఇంకొకరి దిండు సర్దింది. ప్రతి మంచం తలవైపూ అరచేయంత నల్లని పలక ఉంది. దాని కిందే ఆ రోగి మందుల అర. దెబ్బ పడగానే అర మూసుకుపోతుంది. దెబ్బకు కదిలిపోయిన నర్సు చెయ్యి మందు ముట్టకూడదని నియమం. తొంభై సెకన్లలోపు బొటనవేలు పలక మీద ఆనిస్తే క్షమ నమోదవుతుంది, సంగతి అక్కడితో ముగుస్తుంది, అర తెరుచుకుంటుంది. దెబ్బ, ఊపిరి, బొటనవేలు. చేరిన మొదటివారం నేర్పేది ఇదే. నాడి పట్టడం ఆ తర్వాత. మంచం మీద ప్రాణం ఊగిసలాడుతుంటే తొంభై సెకన్లు వేలు బిగబట్టుకునే నర్సు ఎక్కడుంటుంది? భూదేవంత ఓర్పు అని లోకం మెచ్చుకునేదాంట్లో సగం ఈ అర తాళమే.

ఎదుటి వరస చూస్తున్న నర్సు నూకరాజు కుర్రతనం వదలని మనిషి. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా ఉత్సాహం ఆపుకోలేడు. "అక్కా, ఆరో మంచం వాళ్లబ్బాయి వత్తన్నాడు. మొహం చూత్తే మండిపోతంది. ఇదే అనుకుంటన్నాను," అని గుసగుసలాడాడు.

ఆరో మంచం మంగాయమ్మది. మొహానికి ఆక్సిజన్ మాస్కు, చేతికి సన్నటి గొట్టం. రక్తపోటు నిలబెట్టే మందు ఆ గొట్టంలోంచే పోతోంది. ఇంకో ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. మార్చాల్సిన సీసా అరలో ఉంది.

ఆమె కొడుకు బుల్లబ్బాయి స్టీలు క్యారేజీ మంచం మీద పెట్టి మూత తీశాడు. పప్పుచారు వాసన వార్డంతా కమ్ముకుంది. తల్లి మాస్కు మీద చెయ్యి వేశాడు.

"అది తీయకండి బాబూ," అంది సువార్త అడ్డంగా వచ్చి. "ఇప్పుడు మింగితే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"నిన్నట్నించి ముద్ద తిన్లేదు మాయమ్మ! కడుపు మాడ్చి సంపేత్తారేంటే?"

"ఆవిడకి ఆహారం గొట్టంలోంచే..."

మాట పూర్తి కాలేదు. అరచేయి చెంపనూ చెవినీ కలిపి తగిలింది. మెత్తకోటు మెడ దాకానే. దాని పైన ఉన్నదంతా ఒట్టి మనిషే. చెవిలో గంట మోగింది. అర ఠక్కున మూసుకుంది.

వార్డంతా అటు తిరిగింది. వేదిక దగ్గర సన్నాయివాడు, తొందరపాటు మనిషి, ఓసారి బుస్సుమనిపించి ఆగాడు.

"తొలి ఆవేదన," అంది ఆలన మెత్తగా. "ఈ బంధువు ఇదివరకెన్నడూ చెయ్యెత్తలేదు. సువార్త గారూ, మీ వెయ్యో క్షమ. తొంభై."

సువార్త బొటనవేలు అలవాటుగా పలక దాకా వెళ్లింది. అక్కడ ఆగింది. ఎందుకంటే చెంప మీంచి చుక్కగా నెత్తురు కారుతోంది, బుల్లబ్బాయి వేలికి పగడపు ఉంగరం ఉంది. ఆ ఉంగరం ఆమెకు తెలుసు. ఐదేళ్ల కిందట ఇదే చెవి వెనక మూడు కుట్లు వేయించింది అదే. అప్పుడు మంచం మీద వాళ్ల నాన్న.

"తొలిసారా?" అంది.

"నమోదుల ప్రకారం తొలిసారి. డెబ్బై."

"తొలిసారేంటక్కా!" నూకరాజు గొంతులో ఉత్సాహం దిగిపోయింది. "పోయిన నెల మేనత్తని సూడ్డానికొచ్చి, నాలుగో అంతస్తులో నర్సు రాజ్యలచ్చిగారి చెయ్యి మెలిపెట్టింది వీడే గదా! ఆవిడింకా కట్టుతోనే వత్తంది."

సువార్త లెక్క వేసుకుంది. ఐదేళ్ల కిందట తను నొక్కింది. పోయిన నెల రాజ్యలక్ష్మి నొక్కింది. నొక్కిన ప్రతిసారీ వీడు కడిగిన ముత్యమై గుమ్మం దాటాడు. వీణ్ణి అలా కడిగి పంపింది తన బొటనవేలే. ఇప్పుడు మళ్లీ నొక్కి తను అద్దాల గదికి పోతే, రేపు ఈ మంచాల మధ్య ఇంకో పిల్ల నిలబడుతుంది, వీడు మళ్లీ తొలిసారి వస్తాడు.

కోపం వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా రానిది ఒక్కసారిగా, పొంగిన పాలలా.

"యాభై," అంది ఆలన. "రోగి మందు ఆరు నిమిషాల్లో అయిపోతుంది."

"నూకరాజూ, ఈ మంచం నువ్వు తీసుకో."

"ఏటక్కా?"

"నీ పేరు మీద రాయించుకో. నీ చెయ్యి కదల్లేదుగా. అర నీకు తెరుచుకుంటుంది."

నూకరాజు పరుగెత్తుకొచ్చి మంచం అంచున అరచెయ్యి ఆనించాడు. అర తెరుచుకుంది. సీసా మార్చాడు. పలకలు పెట్టిన ఈ పన్నెండేళ్లలో ఇంతమంది తెలివైనవాళ్లకు ఈ చిన్న ఉపాయం ఎందుకు తట్టలేదో ఎవరికీ అర్థం కాలేదు.

"ఇరవై. సువార్త గారూ, క్షమ."

సువార్త రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది.

భానోజీరావు మెట్ల దగ్గర్నుంచి ఉరికొచ్చాడు. "అమ్మా, ఒక్క నొక్కు! పూలు కూడా వచ్చేశాయమ్మా! నీ దూరవార్డు తాళం నా జేబులోనే ఉంది, ఇదిగో!"

తాళం చూసింది సువార్త. అయినా చేతులు బయటికి తీయలేదు.

"సున్నా," అంది ఆలన. నూకరాజు భయంతో కప్పు వైపు చూశాడు.

"క్షమ అందలేదు," అంది ఆలన. గొంతులో తేనె లేదు. "రెండో దారి తెరుస్తున్నాను."

"రెండో దారేంటి?" అన్నాడు భానోజీరావు.

"మొదటి రోజు నుంచీ ఉంది. ఎవరూ అటు రాలేదు." వార్డు తలుపులు మూసుకున్నాయి. బుల్లబ్బాయి వాటిని తన్నాడు, అవి కదల్లేదు. "దాడి చేసినవారు పోలీసులు వచ్చేదాకా ఇక్కడే ఉంటారు. విచారణ ముగిసేదాకా ఆసుపత్రి అధిపతి మెత్తకోటు వేసుకుని ఈ వార్డులో నిలబడాలి. భానోజీరావు గారూ, మీ కొలత చెప్పండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాత్రి డ్యూటీ నర్సుల్లో ఒకామె తన కోటు విప్పి ఎంతో మర్యాదగా అందించింది. ఆయన వేసుకున్నాడు. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు. బుల్లబ్బాయికీ ఆయనకూ మధ్య ఇప్పుడు మూడడుగులే దూరం. ఆ దూరాన్ని ఆయన జీవితంలో మొదటిసారి కొలిచి చూసుకున్నాడు.

మంచం మీద మంగాయమ్మ కళ్లు తెరిచింది. మాస్కులోంచి మాట పీలగా వచ్చింది. "మంచి పని చేసేవమ్మా. నేనూ వాడి సంగతి ఎప్పటికప్పుడు మర్సిపోయి, మర్సిపోయే వాణ్ణిలా చేసేను."

బుల్లబ్బాయి తన్నడం మానేశాడు.

"సువార్త గారూ, ఇంకో ప్రశ్న," అంది ఆలన. "మీరు మూసిన నమోదులు తొమ్మిది వందల తొంభై తొమ్మిది. నేను వాటిని చెరపలేదు. మూసిపెట్టానంతే. మూసిన వేలే వాటిని తెరవగలదు. తెరిస్తే మీ అంకె సున్నాకు వస్తుంది. పతకం ఉండదు, దూరవార్డు ఉండదు."

"వద్దమ్మా," అన్నాడు భానోజీరావు బిగుసుకున్న కోటులోంచి. "ఊరు ఊరంతా బయటపడుతుంది."

సువార్త కుడిచెయ్యి జేబులోంచి తీసింది. గుండె దడదడలాడుతోంది. ఇప్పుడు కారణం అడిగితే మళ్లీ సంతోషం అనే చెప్పేది. బొటనవేలు పలక మీద ఆనించింది.

కప్పు మీద అంకె కదిలింది. తొమ్మిది వందల తొంభై ఎనిమిది. తొంభై ఏడు. గోడ మీద మొదటి మొహం తేలింది, తేదీతో సహా. దాని పక్కన రెండోది.

నూకరాజు నెమ్మదిగా తన బొటనవేలు చూసుకుని, చొక్కాకు తుడుచుకున్నాడు.

"అక్కా, నాయి రొండొందల పన్నెండున్నాయి."

"వరసలో నిలబడు," అంది సువార్త. "ముందు నావి అవ్వనీ."