బూడిద చల్లిన మెట్లు

టోపీని చేతుల్లో నలుపుతూ డిటెక్టివ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు ఒవిలా సిమార్. ఊళ్ళో పదిహేను ఇళ్ళకు మంచు తీసేది అతనే. ఏ ఇల్లు ఎవరి పూచీయో తెలియడానికి దారి పక్కన పేరు రాసిన ఎర్ర గుంజ పాతడం ఆ లోయలో ఆనవాయితీ. మూడు రోజుల్లో తొమ్మిది ఇళ్ళవాళ్ళు అతని గుంజలు పీకి అతని వాకిట్లోనే పారేశారు.

కారణం డిటెక్టివ్ ఆర్మాండ్ లబ్రెక్‌కీ, ఆమె సహాయకుడు ఫిలెమోన్‌కీ అప్పటికే తెలుసు. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ప్రార్థనకు బయలుదేరిన ముసలావిడ దెల్వినా గాన్యే, తన వంటింటి మెట్ల మీద జారిపడింది. తుంటి విరిగింది, తలకు దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. మెట్ల మీద ఉత్త గడ్డ మంచే తప్ప, కాలు జారకుండా చల్లే బూడిద చిటికెడు కూడా లేదని పోలీసు రాసుకున్నాడు. రేపు వచ్చి ఒవిలాను తీసుకుపోతారట.

"చల్లారా, లేదా?" అని అడిగింది ఆర్మాండ్. ఆవిడకు డొంకతిరుగుడు రాదు.

"అదే తెలీటం లేదమ్మా," అన్నాడు ఒవిలా. "పంతొమ్మిది చలికాలాల నుంచి ఆరింటికల్లా వెళ్తాను. పార పని అయ్యాక పొయ్యి బూడిదా కంకరా కలిపి చల్లుతాను. చెయ్యి దానంతటదే చల్లేస్తది. ఆ రోజు చల్లిందో లేదో ఒట్టేసి చెప్పలేను. చల్లకపోతే ఆవిణ్ణి నేనే పడేసినట్టు కదా?"

అతనికి జైలు కన్నా ఆ అనుమానమే ఎక్కువ భయంగా ఉంది. ఆర్మాండ్ ఆ బూడిద ఎక్కడిదని అడిగింది. పాత యాపిల్ పెట్టెలు కాల్చిన బూడిదనీ, అందులో మేకులు వస్తాయని దెల్వినా రోజూ తిట్టేదనీ చెప్పాడతను. ఆ తిట్లు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకున్నాడు.

దెల్వినా ఇంటికి వెళ్ళేసరికి పదకొండయింది. అయిదు రోజులుగా ఎముకలు కొరికే చలి, చూరు నుంచి ఒక్క బొట్టు కూడా కారలేదు. వీధివైపు మెట్లు మంచులో మునిగి ఉన్నాయి. ఆ మంచులో ఎవరో దిగిన కాలి గుంటలు సగం పూడి కనిపించాయి. వాళ్ళిద్దరూ ఊరందరిలాగే పక్కనున్న వంటింటి మెట్ల దగ్గరికి నడిచారు. ఆర్మాండ్ పైనున్న కొత్త మంచు ఊడ్చి, ఉలితో అరచేయంత గడ్డ పెకలించి రుమాల్లో చుట్టింది. అది అద్దంలా లేదు, మురికిగా ఉంది. ఎందుకని ఫిలెమోన్ అడిగితే, కరిగించడానికని జవాబిచ్చింది.

లోపల దెల్వినా మేనల్లుడు రొసేర్ ఉన్నాడు. భార్య పోయాక రెండేళ్ళుగా అత్త పంచనే ఉంటున్నాడు. అతిథులను మర్యాదగా ముందుగదిలోకి తీసుకెళ్ళాడు. మంగళవారం ఏడింటికి రంపపు మిల్లుకు బయలుదేరాననీ, వంటింటి మెట్ల మీద తానే జారబోయి కమ్మి పట్టుకుని ఎలాగో దిగాననీ చెప్పాడు.

"బూడిద ఉందా?"

"ఒక్క నలుసు లేదు. ఎంతయినా ఒవిలా పెద్దవాడైపోయాడు పాపం. మా అత్తకీ చెప్పాను, సన్యాసినుల ఆశ్రమంలో హాయిగా ఉండొచ్చు కదా అని. నా మెట్లు నేను దిగగలిగినన్నాళ్ళూ ఈ ఇల్లు కదలనంది."

వీధి తలుపు పక్క కుర్చీలో కూర్చున్న ఫిలెమోన్‌కు మెడ వెనక చలి కోసేస్తోంది. కుర్చీ ఇవతలికి జరుపుకున్నాడు. ఆర్మాండ్ అతని వంకా, తలుపు వంకా ఒకసారి చూసింది.

తర్వాత పొరుగింటి ఆల్సిద్ దగ్గరికి వెళ్ళారు. పెరట్లో మనవలు జారుకుంటూ ఆడుకోవడానికి గొట్టంతో నీళ్ళు పట్టి గడ్డకట్టిస్తున్నాడు. ఒవిలా రాకముందు దెల్వినా ఇంటి మంచు పని అతనిదే. ఆ అక్కసు ఇప్పటికీ చల్లారలేదు.

"నా చేతిలో ఉన్నన్నాళ్ళూ ఆ మెట్ల మీద పిల్లి కూడా జారలేదమ్మా," అన్నాడు.

దోషి దొరికినట్టేనని ఫిలెమోన్ మనసులో చంకలు గుద్దుకున్నాడు. చేతిలో గొట్టం ఉంది, కడుపులో మంట ఉంది, ఇంకేం కావాలి?

మూడింటికి ఆర్మాండ్ అందరినీ దెల్వినా వంటింట్లో కూర్చోబెట్టింది. పోలీసు కూడా వచ్చాడు. ముసలావిడ కళ్ళు తెరిచిందనీ, ప్రాణభయం లేదనీ, ఇంకా మాట మాత్రం లేదనీ చెప్పాడు. రొసేర్ శిలువ గుర్తు వేసుకున్నాడు. ఆర్మాండ్ పొయ్యి మీదున్న పింగాణీ పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టింది. గడ్డ కరిగిపోయి నల్లటి నీళ్ళు, వాటి అడుగున గుప్పెడు కంకర, ఒక వంకర మేకు మిగిలాయి.

"ఇది పైమెట్టు మీది గడ్డ. బూడిద మంచు మీద లేదు, లోపలుంది," అంది. "ముందు ఒవిలా చల్లాడు. ఆ తర్వాత ఎవరో నీళ్ళు పోశారు. ఈ చలికి అది నిమిషాల్లో బిగుసుకుపోయింది. తొమ్మిదింటికి మంచు కురిసి అంతా కప్పేసింది. పోలీసాయన కాలితో గీకి చూస్తే నున్నగా తగిలింది, అంతే రాసుకున్నారు. దెల్వినాకు మాత్రం బూడిద రంగు కనిపించింది. కనిపించింది కాబట్టే నమ్మి అడుగేసింది."

ఒవిలా పళ్ళెంలోని మేకును వేలితో తాకాడు.

అందరి చూపులూ ఆల్సిద్ మీదికి తిరిగాయి. ఆర్మాండ్ తల అడ్డంగా ఊపింది. శీతాకాలం రాగానే ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ వీధి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, కాగితం అంటించి మూసేస్తారు. మళ్ళీ ఈస్టర్‌కే తీస్తారు. ఈ ఇంటి తలుపు కాగితం మాత్రం లోపలివైపు నుంచి నిలువునా కోసి ఉంది. ఫిలెమోన్ మెడే అందుకు సాక్షి.

"ఆల్సిద్ నీళ్ళు పోస్తే తన పెరట్లోంచే వెళ్ళిపోయేవాడు. నడిజనవరిలో ఆ తలుపు తీసే అవసరం ఒక్కడికే ఉంది. వంటింటి కుళాయి నీళ్ళు మెట్ల మీద పోసి, ఆ మెట్లు తాను దిగలేక వీధివైపు నుంచి బయటపడ్డవాడికి. ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకరు ఆస్పత్రిలో ఉన్నారు. ఏం రొసేర్, ఒక్క నలుసు లేదన్నావు కదూ?"



"చావాలని కాదు," అన్నాడు రొసేర్ పళ్ళెంలోకి చూస్తూ. "కాలు విరిగితే చాలనుకున్నా. మెట్లు దిగలేకపోతే ఆశ్రమానికి వెళ్తుంది, ఇల్లు నాకొదిలేస్తుందని."

ఫిలెమోన్‌కు ఒళ్ళు మండిపోయింది. అతను నోరు తెరిచేలోపే ఆల్సిద్ లేచి వెళ్ళి ఒవిలా భుజం మీద చెయ్యి వేశాడు. గుంజలు తానే మళ్ళీ పాతిస్తానని గొణిగాడు.

పోలీసు రొసేర్‌ను లేపి వంటింటి తలుపు వైపు నడిపించాడు. "ఒక్క నిమిషం ఆగండి," అన్నాడు ఒవిలా. పొయ్యి పక్కనున్న బాల్చీ తీసుకుని వాళ్ళకన్నా ముందు బయటికి వెళ్ళాడు. పైమెట్టు నుంచి కింది దాకా మూల కూడా వదలకుండా బూడిద చల్లాడు. ఈసారి తన చేతిని తాను చూసుకుంటూ చల్లాడు. తర్వాత కమ్మి పక్కన నిలబడి, రొసేర్‌కు చెయ్యి అందించాడు.

"మెల్లిగా దిగు," అన్నాడు.