గోలీ చప్పుడు

పాత టైర్ల గోడౌన్ వెనక గదిలో, మన గూఢచారి శాఖ చీఫ్ పెద్దాయన టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు.

"రేస్ టీమ్ చీఫ్ మెకానిక్. విదేశీ ముఠా మనిషి. నీ తమ్ముణ్ణి కారుతో సహా కాల్చింది వీడే. రేపు మన డ్రైవర్ అమ్మాయి వంతు. ఆమె హెల్మెట్ లైనింగ్‌లో మైక్రోఫిల్మ్ ఉందని పసిగట్టారు. రేసు ఆపితే ముఠా మాయమైపోతుంది. వీణ్ణి ప్రాణాలతో పట్టుకురా."

"కాస్త కాలితే పరవాలేదా?" అడిగాడు ఏజెంట్.

"నోరు పనిచెయ్యాలి. మిగతాది నీ ఇష్టం."

రేసు కారు పెట్రోలు ట్యాంకుకు గాలాడటానికి వెంట్ పైపు ఉంటుంది. కారు బోల్తా పడితే ఆ పైపు వాల్వ్‌లోని ఉక్కు గోలీ జారి దారి మూసేస్తుంది. గోలీ లేదా, పెట్రోలంతా వేడి సైలెన్సర్ మీదే. అదే టీమ్‌లో డ్రైవరైన తమ్ముడు ప్రతి వాల్వ్‌నీ చెవి దగ్గర ఊపి, గోలీ గలగలలాడితేనే బిగించేవాడు. చీఫ్ మెకానిక్‌ని గురువని నమ్మి, ఒకే ఒక్కసారి ఊపకుండా ఊరుకున్నాడు. అతని స్పేర్ వాల్వ్ ఏడాదిగా అన్న తాళాలగుత్తికి వేలాడుతోంది.

మర్నాడు ఏజెంట్ టైర్లవాడి వేషంలో రేసు ట్రాక్ షెడ్డులో దిగాడు. కన్నతల్లి ఎదురుపడినా పంక్చర్ వేయమని పంపేసేదే. అక్కడికి నెమలి అనే మారుపేరున్న ఆమె వచ్చింది. ముఠాకి దుబాసీ, మనకి వేగు. ఆమె నడిచొస్తే బిగించిన బోల్టులు కూడా వదులయ్యేవని మెకానిక్‌లు చెప్పుకునేవారు.

"గాలెటు?" కోడ్ అడిగింది, చూయింగ్ గమ్ నములుతూ.

"పైకి."

పారిపోవడానికి చీఫ్ మెకానిక్ కారు షెడ్డు వెనక సిద్ధంగా ఉందనీ, ట్యాంకు అంచుదాకా నింపించాడనీ చెప్పింది. ఏజెంట్ చెయ్యి చాపాడు. ఆమె నోట్లోని గమ్ తీసి ఇచ్చింది. దాన్ని ఎక్కడ కూరాలో అతనికి తెలుసు.

అక్కడి పని ముగించుకుని స్టార్టింగ్ లైన్‌కి పరిగెత్తాడు. జెండా లేస్తోంది. డ్రైవర్ అమ్మాయి కారు వెనక టైరు చూసే నెపంతో వంగి, వాల్వ్ ఊడదీసి చెవి దగ్గర ఊపాడు. చప్పుడు లేదు. గుత్తిలోంచి తమ్ముడి వాల్వ్ లాగి బిగించాడు. అతను చెయ్యి తీయడం, జెండా వాలడం ఒకేసారి.

మూడో మలుపులో ముఠావాళ్లు పోసిన నూనె మీద కారు జారి, రెండు పల్టీలు కొట్టి తలకిందులైంది. పెట్రోలు చుక్క కారలేదు. డ్రైవర్ హెల్మెట్‌తో సహా పాకుతూ బయటికొచ్చింది.

మంట రాకపోయేసరికి చీఫ్ మెకానిక్ తన కారులోకి దూకి ఉడాయించాడు.

"పారిపోతున్నాడు," అంది నెమలి.

"పోనీ."

గేటు దగ్గర ఆ కారు రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. నిండు ట్యాంకు, గమ్‌తో మూసుకుపోయిన వెంట్. లోపలికి గాలి రాక, ఇంజనుకి పెట్రోలు అందలేదు. ఏజెంట్ నింపాదిగా నడిచి వెళ్లి, ఖాళీ వాల్వ్‌ని వాడి ఒళ్లో పడేశాడు.

"ఊపు. ఏమన్నా వినబడుతోందా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"నాకు ఏడాదిగా అదే వినబడుతోంది," అన్నాడు ఏజెంట్, బేడీలు బిగిస్తూ.

ఆ సాయంత్రం పెద్దాయన నెమలిని నిలదీశాడు. అసలు తను ఎవరి పక్షమో ఇప్పటికైనా చెప్పమన్నాడు.

నెమలి కొత్త గమ్ విప్పి నోట్లో వేసుకుంది.

"ఎవరి ట్యాంకుకి గాలాడితే వాళ్ల పక్షం, సార్. మీ జీపు ట్యాంకు నింపించారా?"